టోపీ లేని కండక్టరు

మా బావమరిది విక్టర్ మీద పెరోల్ బోర్డు పెట్టిన షరతులు పద్నాలుగు. వాటిలో పదమూడు నాకు ఇప్పుడు గుర్తు లేవు. ఒక్కటి మాత్రం పరలోక జపంలా నోటికి వచ్చేసింది: ఎవరి మీదా చెయ్యి ఎత్తరాదు. ఎత్తితే మిగిలిన మూడేళ్ళూ మళ్ళీ జైల్లోనే. బారులో జరిగిన తగాదాలో ఒకడి దవడ పగలగొట్టి, రెండేళ్ళు లోపల ఉండి, నవంబరులో బయటికి వచ్చాడు. వాణ్ణి మా ఇంట్లో ఉంచుకుంటానని, నేను పనిచేసే చోటే పని చూపిస్తానని సంతకం పెట్టింది నేను. నా భార్య మిలాకు వాడొక్కడే తమ్ముడు.

నేను న్యూయార్కులో కొత్తగా కట్టే భవనాలకు పైపులు బిగించేవాణ్ణి. విక్టర్ నా కింద పైపులు మోసేవాడు. రోజూ ఉదయం ఏడున్నరకు పెరోల్ ఆఫీసరు మా పనిచోటుకు ఫోను చేసేవాడు. విక్టర్ అందుకుని "ఉన్నానండీ" అనాలి, అంతే. మా వెస్ట్ హారోలో ఆరూ పన్నెండు రైలు ఎక్కితే ఏడూ ఇరవైకల్లా అక్కడ ఉంటాం. ఆ రైలు నేను పదకొండేళ్ళుగా ఎక్కుతున్నాను. మూడో పెట్టె, ఎడమ వైపు కిటికీ.

ఎనభై మూడు మార్చిలో, ఈస్టరు ముందటి తపస్సు కాలం నడుస్తుండగా, రైలు కార్మికులు సమ్మెలోకి దిగారు. జీతం కోసం పోరాడేవాడిది తప్పని నేననను. మా నాన్న బొగ్గు గనిలో సమ్మె చేసి తల పగలగొట్టించుకున్నవాడు. కానీ రైలు ఆగిపోయాక మా ఊరి మర్యాద మూడు రోజుల్లో కరిగిపోయింది. బస్సులు చాలేవి కావు. స్టేషను ఎదుట తెల్లవారేసరికి నాలుగు వందల మంది నిలబడేవారు. రెండో రోజు ఒక బ్యాంకు గుమాస్తా తన ముందు దూరినవాణ్ణి గొడుగు మొనతో పొడిచాడు. మూడో రోజు, మూసుకుంటున్న బస్సు తలుపు మధ్య చెయ్యి పెట్టిన ఒక నర్సుకు రెండు వేళ్ళు విరిగాయి. లోపలివాళ్ళు తలుపు తెరవనివ్వలేదు. "తెరిస్తే ఇంకో పదిమంది ఎక్కుతారు, పోనీ, పోనీ!" అని అరిచింది మా గుడిలో పాటలు పాడే మనిషే. నేను విన్నాను. నేనూ లోపలే ఉన్నాను. నేనూ తెరవమనలేదు.

ఆ తొక్కిసలాటలో రెండు సార్లు ఏడున్నర ఫోను తప్పిపోయింది. రెండోసారి ఆఫీసరు విక్టర్‌తో అన్నాడట: "మూడోసారి కూడా నీ గొంతు వినబడకపోతే నేను రాయాల్సింది రాసేస్తాను. రైళ్ళు నడపడం నా పని కాదు."

అందుకే తొమ్మిదో రోజు మా మేస్త్రీ ఓర్విల్ తన వ్యానులో తీసుకువెళ్తానంటే దేవుడు పంపాడనుకున్నాను. అక్కడికి వెళ్ళాక బట్టలు మార్చుకునే సమయం ఉండదని అందరం ఇంటి దగ్గరే నారింజ రంగు జాకెట్లు తొడుక్కుని, ఇనుప టోపీలు పెట్టుకుని ఎక్కాం. నేను, విక్టర్, ఇంకో ఇద్దరు పనివాళ్ళు. కాళ్ళ దగ్గర పనిముట్ల పెట్టె.

పై రోడ్డు మీద కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. ఓర్విల్ స్టీరింగు మీద గుద్దాడు. "చూడు, శవయాత్రలా ఎలా కదుల్తోందో."

"కింది రోడ్డు పట్టు" అన్నాను.

"రైల్వే యార్డు ముందు నుంచా? వాళ్ళక్కడ పీపాల్లో మంటలేసుకుని కూచున్నారు. నిన్న ఎవడి కారు మీదో రాళ్ళేశారు."

"మనం ప్రయాణికులమేగా. మనల్నేం చేస్తారు?"

ఆ మాట అన్నది నేనే. ఎవరూ బలవంతపెట్టలేదు.

వ్యాను తిరిగింది. విక్టర్ నా వైపు వంగి మెల్లగా అడిగాడు. "బావా, గొడవైతే?"

"చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకో. ఏం జరిగినా తియ్యొద్దు. మాటివ్వు."

"ఇచ్చాను. ముక్కు దురద పెడితే?"

"ఓర్చుకో."

"నువ్వు గోకవూ?"

వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. వాడు నిజంగానే చేతులు రెండూ జేబుల్లోకి తోసి బుద్ధిగా కూర్చున్నాడు.

మాకు తెలియని సంగతి ఒకటుంది. రైళ్ళు నడపడానికి బయటినుంచి మనుషుల్ని వ్యాన్లలో తెస్తున్నారని ఆ తెల్లవారుజామున యార్డులో పుకారు పుట్టింది. నారింజ రంగు జాకెట్లు, ఇనుప టోపీలు, కిటికీలకు మంచు పట్టిన వ్యాను, యార్డు గేటు వైపే వస్తోంది. వాళ్ళ కంటికి మేం ఎలా కనబడి ఉంటామో తరవాత ఎన్నోసార్లు ఆలోచించాను. వాళ్ళ చోట నేనున్నా అదే అనుకునేవాణ్ణి.

"వచ్చారు! మన కూడు తినడానికి వచ్చారు!" అని ఒక గొంతు లేచింది.

మొదటి రాయి ముందు అద్దానికి తగిలి సాలెగూడులా పగులు వచ్చింది. రెండోదానికి అద్దం మొత్తం ఓర్విల్ ఒళ్ళో పడింది. వ్యాను జారి కరెంటు స్తంభానికి గుద్దుకుని ఆగింది. ముప్ఫై నలభై మంది చుట్టుముట్టారు. అందరికీ గడ్డాలు. సమ్మె గెలిచేదాకా గీసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నారని పేపర్లో చదివాను. ఉన్ని టోపీలు చెవులదాకా లాక్కున్నారు. ఎవడి మొహం చూసినా ఒకేలా ఉంది.

"మేం ప్రయాణికులం! ఆరూ పన్నెండు రైలువాళ్ళం!" అని అరిచాను.

"ఇనుప టోపీ పెట్టుకున్న ప్రయాణికుడా! దిగరా నీ అమ్మ!"

ఓర్విల్‌ను విరిగిన అద్దంలోంచే బయటికి లాగారు. అద్దం అంచుకు అతని పొట్ట చీరుకుంది. కింద పడగానే బూటుకాలితో మొహం మీద తన్నారు. పళ్ళు విరిగిన చప్పుడు నాకు వినబడింది. వెనక ఇద్దరూ వెనక తలుపు తీసుకుని పరుగెత్తారు. వాళ్ళను తప్పు పట్టను.

పక్క తలుపు తెరుచుకుంది. విక్టర్ కాళ్ళు పట్టి ఈడ్చారు. వాడు చేతులు తియ్యలేదు. చేతులు జేబుల్లోనే ఉంచుకుని మంచు మీద మొహం కొట్టుకుని పడ్డాడు. నినాదాల అట్టలు కట్టిన కర్రలతో వీపు మీద, మెడ మీద బాదుతున్నారు. "నిలబడరా ద్రోహీ, నిలబడి కొట్టు! చేతుల్లేవా నీకు?" అని ఒకడు వాడి తలమీద ఉమ్మాడు. వాడు మోకాళ్ళ మీద లేస్తున్నాడు, మళ్ళీ పడుతున్నాడు. చేతుల ఆసరా లేకుండా మనిషి ఎంత చేతకానివాడవుతాడో అప్పుడు చూశాను. ముక్కులోంచి నెత్తురు గడ్డం మీదకి కారుతోంది. నోరు తెరిచి "బావా" అన్నాడు, అంతే.

అప్పుడే ఒక పొడుగాటి మనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఏదో అరుస్తున్నాడు. ఆ గోలలో ఒక్క మాట కూడా అర్థం కాలేదు. వచ్చి వంగి విక్టర్ కాలరు రెండు చేతులా పట్టుకుని పైకి లాగాడు.

నేను వ్యానులోంచి కిందికి దూకాను, నా చేతిలో పైపు పానా ఉంది. పనిముట్ల పెట్టెలోంచి ఎప్పుడు తీశానో తెలియదు. ఆదివారం పూజలో కానుకల పళ్ళెం పట్టే చెయ్యి అది. ఆ మనిషి తల ఇటు తిరిగింది. నా వైపే చూశాడు. నేను కొట్టాను. ఎడమ కన్ను కింద ఎముక మెత్తగా లోపలికి పోయింది. ఆ సమయంలో నాకు దేవుడు గుర్తు రాలేదు. అబద్ధం ఎందుకు, హాయిగా అనిపించింది. తొమ్మిది రోజుల నుంచి ఎవర్నో ఒకర్ని కొట్టాలనే ఉందేమో నాకు.

అతను పడిపోయాడు. ఉన్ని టోపీ ఊడిపోయింది. నున్నటి బట్టతల, కుడి చెవి పైన గవ్వంత పుట్టుమచ్చ. టిక్కెట్టుకు చిల్లు పొడిచి పక్క వరసకు తిరిగినప్పుడల్లా నీలం టోపీ అంచు కింద నాకు కనబడే మచ్చ. మా మూడో పెట్టె కండక్టరు గారిటీ.

"గారిటీని చంపేశాడు!" అని ఎవరో అరిచారు. తరవాత నా మీద పడ్డారు. మూడు పక్కటెముకలు విరిగాయి. పానా ఎటో పోయింది. పోలీసు ఈలలు వినబడేదాకా నేను దెబ్బలు లెక్కపెట్టలేదు, తప్పించుకోవాలని కూడా చూడలేదు.

పోలీసులు వచ్చేసరికి సమ్మెవాళ్ళు చెదిరిపోయారు. గారిటీ పక్కన విక్టర్ పడి ఉన్నాడు. పానా వాడి మోకాలి దగ్గర ఉంది. అందరం చేతులకు తొడుగులు వేసుకున్నవాళ్ళమే, వేలిముద్రలు ఉండవు. సార్జెంటు కెటరర్ వాడి జేబులు వెతికి పెరోల్ కార్డు తీశాడు. అది చూశాక ఇంకేమీ వెతకలేదు. బేడీలు వేశాడు.

"నువ్వేనా?" అని అడిగాడు.

విక్టర్ నా వైపు చూశాడు. ఏమీ అనలేదు.

నేనూ ఏమీ అనలేదు. ఒక మంగళవార్త జపం చెప్పుకునేంతసేపు. పక్కటెముకల నొప్పికి ఊపిరి అందలేదని తరవాత మిలాకు చెప్పాను. అది నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. వాణ్ణి కారులో కూర్చోబెట్టి తలుపు వేశాక అప్పుడు నోరు పెగిలింది. "నేను కొట్టాను. వాడు కాదు."

కెటరర్ నా భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. మా గుడికి వచ్చేవాడే. "హుడాక్ గారూ, పోయిన ఆదివారం నా ముందు పళ్ళెం పట్టింది మీరు. బావమరిది కోసం అబద్ధాలాడకండి. అందులోనూ తపస్సు కాలంలో."

"అబద్ధం కాదయ్యా. ఒట్టు."

"ఒట్లు కూడా పెడుతున్నారా? చాలా దూరం వెళ్ళారే." నవ్వి అంబులెన్సువాళ్ళను పిలిచాడు.

ఓర్విల్ కళ్ళలో నెత్తురు నిండి ఏమీ చూడలేదు. పారిపోయిన ఇద్దరూ అప్పటికి అక్కడ లేరు. సమ్మెవాళ్ళు పోలీసులకు ఒక్క ముక్క చెప్పకూడదని వాళ్ళ కార్మిక సంఘం తీర్మానం చేసుకుంది. విక్టర్‌ను లోపలికి తిరిగి పంపాలా వద్దా అని పెరోల్ బోర్డు శుక్రవారం కూర్చుంటుందన్నారు. ఆ రోజు మంగళవారం.

ఇంటికి వచ్చాక మిలా నా పక్కటెముకలకు గుడ్డ బిగిస్తూ బిగిస్తూ ఆగిపోయింది. "ఇరవై ఆరేళ్ళు నిన్ను మంచివాడు, మంచివాడు అని ఊరంతా చెప్పాను. ఇప్పుడు చూడు, నువ్వే చేశానంటే ఒక్కడూ నమ్మడు" అంది. కాసేపటికి మళ్ళీ, "తమ్ముడు చేతులు జేబులో పెట్టుకునే ఉన్నాడా చివరిదాకా?"

"చివరిదాకా."

"అయితే పోయి ఆ మనిషి కాళ్ళు పట్టుకో. అతనికి తెలుసు ఎవడు కొట్టాడో."

గురువారం ఆసుపత్రికి వెళ్ళాను. గారిటీ గది ముందు కుర్చీలో ఒక లావాటి గడ్డంవాడు కూర్చుని ఉన్నాడు. సంఘం పెట్టిన కాపలా. "ఎవరు నువ్వు?" అన్నాడు. "ఆయన రైల్లో వెళ్ళేవాణ్ణి" అన్నాను. పైనుంచి కిందకి చూశాడు. నా మొహం మీద కమిలిన మచ్చలు అతనికి అర్థమయ్యే ఉంటాయి. అయినా పక్కకి జరిగాడు.

గారిటీ మొహమంతా కట్టు. ఎడమ కన్ను తీసేశారు. కుడి కన్నుకూ వాపు తగ్గేదాకా గుడ్డ కట్టారు. ముక్కు, పెదాలు, పదకొండు రోజుల గడ్డం మాత్రం కనబడుతున్నాయి.

"కండక్టరు గారూ" అన్నాను.

అతను "మూడో పెట్టె. ఎడమ కిటికీ. గొంతు వింటే చాలు" అన్నాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చోబోయాను. విరిగిన ఎముకలు కూర్చోనివ్వలేదు. మంచం పట్టెను పట్టుకుని నిలబడ్డాను.

"వీళ్ళు మనవాళ్ళు, నాకు తెలుసు, వదలండి అని అరుస్తూ వచ్చాను. నీ ఇనుప టోపీ కింద నీ మొహం నేను గుర్తుపట్టాను. నువ్వు పట్టలేదా?"

"లేదు."

"ఎందుకని? నా టోపీ లేదనా?"

"టోపీ లేదు. గడ్డం ఉంది."

అతను నవ్వబోయి నొప్పికి మూలిగాడు. "పదకొండేళ్ళు! రోజుకి రెండుసార్లు నా ముందు టిక్కెట్టు చాచావు. అయితే ఇన్నాళ్ళూ నువ్వు గుడ్ మార్నింగ్ చెప్పింది నా టోపీకన్నమాట."

క్షమించమన్నాను. ఆ మాట ఆ గదిలో ఎంత చిన్నగా వినబడిందో ఇప్పటికీ గుర్తుంది.

"ఒకటి అడుగుతాను, చెప్పు" అన్నాడు. "పడింది నేను కాక నువ్వెరగని వాడెవడైనా అయితే? నీకింత బాధ ఉండేదా?"

చాలాసేపు ఆలోచించాను. ఆ ప్రశ్న తరవాత గుడిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్‌నూ అడిగాను. ఆయనా వెంటనే చెప్పలేదు. ఆ రోజు గారిటీతో మాత్రం, "ఉండేది కాదేమో" అన్నాను.

"పోనీ, నిజం చెప్పావు. ఇప్పుడేం కావాలి?"

"మిమ్మల్ని కొట్టింది నేనేనని మీరు పోలీసులకు నా పేరు చెప్పాలి. నేను చెప్తే నమ్మడం లేదు. మీరు చెప్పకపోతే ఆ పిల్లవాడు రేపు మూడేళ్ళకు వెళ్ళిపోతాడు. వాడు ఎవర్నీ తాకలేదు."

"చూశాను. చేతులు జేబుల్లో పెట్టుకుని దెబ్బలు తిన్నవాణ్ణి నా జన్మలో మొదటిసారి చూశాను. పిచ్చివాడా?"

"నేను తియ్యొద్దన్నాను."

"ఓహో. వాడికి నీతి చెప్పి నువ్వు పానా తీశావు." గుమ్మం వైపు తల తిప్పాడు. "బయట ఉన్నవాణ్ణి చూశావుగా. పోలీసుకు నోరు విప్పితే రేపు యార్డులో నా మొహం మీద ఉమ్మేస్తారు. ఎవడు కొట్టాడని అడిగితే ఎవడు రాయేశాడనీ అడుగుతారు. ఎవడు వ్యాను ఆపాడు, ఎవడు ఆ పిల్లాణ్ణి కొట్టాడు... వాళ్ళందరికీ పిల్లలున్నారు. కన్ను పోయింది. ఇంకా వాళ్ళను కూడా పోగొట్టుకోవాలా నేను?"

నేను అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. అతను చెప్పింది న్యాయంగానే ఉంది. అయినా కదల్లేకపోయాను. మంచం పట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాను. నర్సు వచ్చి సూది వేసి వెళ్ళింది. కాపలా మనిషి రెండుసార్లు తల లోపలికి పెట్టి చూశాడు.

"ఇంకా ఉన్నావా?" అన్నాడు గారిటీ.

"ఉన్నాను."

"వాడికెన్నేళ్ళు?"

"ఇరవై ఎనిమిది."

కొంచెం సేపు పెదాలు కదిలాయి. జపం చేసుకున్నాడో, తిట్టుకున్నాడో. తరవాత గట్టిగా బయటికి పిలిచాడు. "ఒరేయ్ అంబ్రోజ్! పొద్దున పోలీసు వస్తాడు. నేను ఒక్క విషయం మాట్లాడతాను. రాళ్ళ సంగతి, కర్రల సంగతి, నాకు కళ్ళు లేవు, నేను చూడలేదు. నా మొహం ఎవడు పగలగొట్టాడో అది మాత్రం నా సొంత విషయం. ఏమంటావ్?"

లావాటివాడు గుమ్మంలో నిలబడి నన్ను మింగేసేలా చూశాడు. "సంఘం ఒప్పుకోదు."

"అడిగింది సంఘాన్ని కాదు."

అతను గడ్డం గోక్కున్నాడు. "పొద్దున నేను కాఫీకి పోతా. ఒక గంట పడుతుంది. విననిదాన్ని సంఘానికి చెప్పలేను కదా." వెళ్ళబోతూ నా దగ్గర ఆగి, విరిగిన పక్కటెముకల మీద మోచేత్తో ఒక్కటి పొడిచాడు. నా కళ్ళు బైర్లు కమ్మాయి. "ఇది కన్నుకి" అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఎనిమిదికి కెటరర్ వచ్చాడు. నన్ను మంచం పక్కన చూసి చిరాకు పడ్డాడు. గారిటీ చెప్తుంటే కాగితం మీద రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి నా వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ పళ్ళెం మాట ఎత్తలేదు.

"వ్యాను ఎవరు ఆపారు?" అని అడిగాడు.

"చూడలేదు."

"రాళ్ళు?"

"మంచు పడుతోందనుకున్నాను."

"గారిటీ, నీకే నష్టం ఇది."

"నా కన్నే కదా పోయింది, మీది కాదుగా. రాయండి."

కెటరర్ నిట్టూర్చాడు. ఈ కాగితం పదింటికి బోర్డు ముందు పెడితే మధ్యాహ్నానికి విక్టర్ బయటికి వస్తాడన్నాడు. నేను మాత్రం అక్కడినుంచే తనతో రావాలన్నాడు. సరేనన్నాను. మిలాకు ముందే చెప్పి వచ్చాను. ఆమె నా కోటు జేబులో రొట్టె చుట్టి పెట్టింది.

"చదివి వినిపించండి, వేలితో ఎక్కడో చూపిస్తే సంతకం పెడతాను" అన్నాడు గారిటీ.

కెటరర్ కళ్ళద్దాలు తెచ్చుకోలేదు. కాగితం నా చేతికిచ్చాడు. నేను గట్టిగా చదివాను. నన్ను కొట్టినవాడు పడి ఉన్న యువకుడు కాడు. ఆ యువకుడి చేతులు జేబుల్లోనే ఉన్నాయి. కొట్టినవాడు నా రైల్లో పదకొండేళ్ళుగా ప్రయాణం చేస్తున్నవాడు. అతని పేరు... అక్కడ ఖాళీ ఉంది.

"ఇక్కడ పేరు రాయలేదు" అన్నాను.

"ఎలా రాస్తాను? ఆయన చెప్పలేదు. నేను రాసుకోకూడదు, సాక్షే చెప్పాలి" అన్నాడు కెటరర్.

గారిటీ కట్టు కింద నుదురు ముడిపడింది. దిండు మీద తల ఇటు తిప్పాడు, నేను ఎక్కడున్నానో వెతుకుతున్నట్టు.

"నీ పేరేంటయ్యా?" అన్నాడు.

"స్టెఫాన్ హుడాక్."

"స్టెఫాన్ హుడాక్" అని అతను సార్జెంటుకు చెప్పాడు. సార్జెంటు కాగితం నా చేతిలోంచి తీసుకుని రాశాడు. మా గుడికి వచ్చేవాడే అయినా, హుడాక్ చివర 'కే' అక్షరం ఒక్కటేనా, ముందు 'సీ' కూడా ఉందా అని అడిగాడు.

'కే' ఒక్కటే అన్నాను.